బరంపురానికి కావలసిన వేగం ఎంత?

2026 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ఏడు హైస్పీడ్ రైలు కారిడార్లు ప్రకటించారు: ముంబై–పుణె, పుణె–హైదరాబాద్, హైదరాబాద్–బెంగళూరు, హైదరాబాద్–చెన్నై, చెన్నై–బెంగళూరు, ఢిల్లీ–వారణాసి, వారణాసి–సిలిగురి. హైదరాబాద్ పేరు మూడుసార్లు వినపడింది. విశాఖపట్నం, బరంపురం, భువనేశ్వర్ పేర్లు ఒక్కసారీ వినపడలేదు. ఈ జాబితా చూశాక బరంపురం గేట్ బజార్‌లోని తెలుగు ఇళ్లలో ‘మన వైపు బులెట్ రైలు ఎప్పుడొస్తుంది?’ అన్న మాట రావడం సహజం.

జవాబు వెతికే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. గేట్ బజార్‌లో పొద్దున్నే ఇంటి గడప దాటిన మనిషి విశాఖపట్నంలోని కేజీహెచ్ ఆస్పత్రికో, ఆంధ్రా యూనివర్సిటీకో ఎన్ని గంటల్లో చేరతాడు? పని చూసుకుని రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరగలడా? ప్రయాణికుల రైలు మార్గానికి ప్రణాళిక వేసేవాళ్లు ముందుగా చూడవలసిన కొలత ఇది. రైలు గరిష్ఠ వేగం ఆ కొలతలో ఒక భాగం. చాలాసార్లు అది పెద్ద భాగం కూడా కాదు.

మన ఊరి లైను చరిత్ర కొంచెం గుర్తుచేసుకోవాలి. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో 1893–1896 మధ్య విజయవాడ నుంచి కటక్ దాకా ఈ మార్గం వేశారు. అప్పటికి బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. కొద్ది ఏళ్లకే లైనును రెండు ముక్కలు చేసి, వాల్తేరుకు (విశాఖపట్నం) దక్షిణ భాగం మద్రాసు రైల్వేకు, ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేకు అప్పగించారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు బరంపురం అందులోకి వెళ్లింది, ఇచ్ఛాపురం మద్రాసు వైపే ఉండిపోయింది. 1894లో బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి ఆ బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులనే కూడగట్టి, 1928లో సమ్మె నడిపి, తర్వాత దేశానికి రాష్ట్రపతి అయ్యారు. సరిహద్దు గీతలు ఎన్నిసార్లు మారినా జనం రాకపోకలు ఆగలేదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి వాళ్లు ఎంకేసీజీ ఆస్పత్రికీ, పట్టుచీరలకూ బరంపురం వస్తారు. బరంపురం తెలుగువాళ్లు చదువులకు, పెళ్లి సంబంధాలకు, పెద్ద వైద్యానికి విశాఖ వెళతారు. ఈ రాకపోకలే మన ప్రాంతీయ కారిడార్‌కు పునాది.

కారిడార్ ప్రణాళికలో మొదటి పని జనాన్ని లెక్కించడం. దీన్ని ట్రాఫిక్ సర్వే అంటారు. రెండు ఊళ్ల మధ్య ప్రయాణాలు ఆ ఊళ్ల జనాభా పెరిగేకొద్దీ పెరుగుతాయి, దూరం పెరిగేకొద్దీ తగ్గుతాయి. ఈ సూత్రం మీద అంచనాలు కట్టి, టిక్కెట్ల లెక్కలతోనూ, బస్సుల్లో, కార్లలో వెళ్లేవాళ్లను అడిగి తెలుసుకున్న సమాచారంతోనూ సరిదిద్దుతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం గంజాం జిల్లాలో 35 లక్షల మంది ఉన్నారు. బరంపురం నగరంలోనే మూడున్నర లక్షలు. ఇక్కడి నుంచి రైలు దారిలో భువనేశ్వర్ 166 కిలోమీటర్లు, విశాఖపట్నం 277 కిలోమీటర్లు, హౌరా 603 కిలోమీటర్లు. సుమారు వంద కిలోమీటర్ల లోపు దూరానికి బస్సు, మోటార్‌సైకిల్ గెలుస్తాయి. ఎనిమిది వందలు దాటితే విమానం గెలుస్తుంది. ఆ నడుమ దూరాల్లో, ప్రయాణం మూడు గంటల లోపు ముగిసేట్టు ఉంటే, జనం రైలెక్కుతారని జపాన్ నుంచి స్పెయిన్ దాకా అనుభవం చెబుతోంది. బరంపురం రెండు రాజధాని స్థాయి నగరాల నడుమ, రైలుకు బాగా అనువైన దూరంలో ఉంది. ఇలాంటి చోటు ఉన్న ఊరికి మంచి ప్రాంతీయ రైలు లేకపోవడం పెద్ద లోటు.

అందరి అవసరమూ ఒకటి కాదన్నది సర్వే పట్టుకోవలసిన రెండో సంగతి. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లే వేలాది మంది కార్మికులకు కావలసింది చౌక టిక్కెట్టు, కూర్చోవడానికి చోటు. 2025 సెప్టెంబరు 27న మొదలైన బరంపురం–ఉధ్నా (సూరత్) అమృత్ భారత్ ఎక్స్‌ప్రెస్ వాళ్ల కోసం వచ్చింది. అలాంటి దూర ప్రయాణానికి మూడు వందల కిలోమీటర్ల వేగం అక్కరకు రాదు, అది వాళ్ల జేబుకు అందదు కూడా. ఉద్దానం కిడ్నీ రోగుల సంగతి వేరు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లవలసిన మనిషికి పలాస, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లలో ఆగే రైలు కావాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి తెరిచారు. ఆ ఆస్పత్రికి చేరే రైలు గంటకొకటి ఉందా, రోజుకొకటి ఉందా అన్నది ఆ ఇంటివాళ్లకు ప్రాణంతో ముడిపడిన ప్రశ్న.

ఇప్పుడు వేగం సంగతికి వద్దాం. కొత్తగా వేసిన ప్రత్యేక లైను మీద గంటకు 250 కిలోమీటర్లు, అంతకు మించి నడిచే రైలును ప్రపంచమంతా హైస్పీడ్ అంటుంది. 1964 అక్టోబరు 1న టోక్యో–ఒసాకా మధ్య మొదలైన షింకన్‌సెన్ వేగం అప్పట్లో 210. ఇప్పుడు కడుతున్న ముంబై–అహ్మదాబాద్ మార్గం 508 కిలోమీటర్లు, నడిపే వేగం 320. దాని కింది మెట్టు 160–200 మధ్య వేగం. ఢిల్లీ–మీరట్ నమో భారత్ రైళ్లు 160తో నడుస్తున్నాయి. మన హౌరా–చెన్నై లైను మీద గరిష్ఠ వేగం 130.

మరి ఆ 130లో మనకు దక్కుతున్నది ఎంత? 2024 మార్చిలో మొదలైన విశాఖపట్నం–భువనేశ్వర్ వందేభారత్‌కు 443 కిలోమీటర్లు వెళ్లడానికి అయిదు గంటల నలభై అయిదు నిమిషాలు ఇచ్చారు. సగటు వేగం 77. ఈ లైను మీద ఉన్నంతలో మంచి బండి పరిస్థితి ఇది. 130కీ 77కీ మధ్య ఉన్న తేడాను అర్థం చేసుకుంటే కారిడార్ ప్రణాళిక సగం అర్థమైనట్టే.

ఈ తేడాకు మొదటి కారణం ఆగుదలలు: బండి ఆగిన ప్రతిచోటా సమయం పోతుంది. స్టేషన్‌లో నిలిచే రెండు నిమిషాలే పోతాయని అనుకుంటాం. కానీ 160తో వెళ్లే రైలు వేగం తగ్గించుకుని ఆగడానికి, మళ్లీ అందుకోవడానికి మరో నిమిషమున్నర నష్టపోతుంది. మొత్తం మూడున్నర నిమిషాలు. 300తో వెళ్లే రైలైతే ఒక్కో ఆగుదలకు దాదాపు ఆరు నిమిషాలు. అందుకే మహా వేగంగా వెళ్లే బండి చిన్న ఊళ్లలో ఆగదు. జపాన్‌లో నొజొమి, హికారి, కొదామా అని మూడు తరగతుల రైళ్లు ఒకే షింకన్‌సెన్ లైను మీద నడుస్తాయి. దాదాపు ఏడు లక్షల జనాభా ఉన్న షిజువొకా నగరంలో అన్నిటికన్నా వేగమైన నొజొమి ఆగదు. హౌరా–చెన్నై హైస్పీడ్ లైను రేపు నిజంగానే వచ్చిందనుకుందాం. మూడున్నర లక్షల బరంపురం దగ్గర ఎన్ని బళ్లు ఆగుతాయి, ఇచ్ఛాపురం దగ్గర ఎన్ని ఆగుతాయి అన్నది ఇప్పుడే ఆలోచించుకోవాలి.

రెండో కారణం లైను మీద రద్దీ. తాల్చేరు గనుల బొగ్గు దక్షిణాది విద్యుత్ కేంద్రాలకు ఈ దారినే వెళుతుంది. గూడ్సు, ప్యాసింజరు, మెయిలు, వందేభారత్, అన్నీ ఒకే పట్టాల మీద. బరంపురం–పలాస మధ్య దాదాపు 75 కిలోమీటర్లు. సగటున 50తో నడిచే గూడ్సుకు ఆ దూరం గంటన్నర. సగటున 110తో వచ్చే బండికి నలభై నిమిషాలు. అంటే గూడ్సు వెనక వేగం బండిని యాభై నిమిషాలు ఆగి వదలాలి, లేదా గూడ్సును మధ్యలో లూప్ లైనులోకి తప్పించి ఆపాలి. ఒక్క వేగం బండి కోసం నాలుగయిదు బళ్ల చోటు ఖాళీ చేయాల్సి వస్తుంది. ఇరుకు సందులో ఎడ్లబండి వెనక పడిన కారు ఎంత ఖరీదైనదైనా ఎడ్లబండి వేగంతోనే పోతుంది. గరిష్ఠ వేగం పెంచి రద్దీని అలాగే వదిలేస్తే పెట్టిన డబ్బు చాలావరకు వృథా.

దీనికి మందు మూడో లైను. ఖుర్దా రోడ్–విజయనగరం మూడో లైనును కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఆమోదించింది. నెర్గుండి–బారంగ్ ముక్కతో కలిపి అంచనా 5,600 కోట్ల చిల్లర. దీని గురించి బరంపురంలో పెద్దగా మాట్లాడుకోరు. బులెట్ రైలు గురించి మాట్లాడుకున్నంతలో పదోవంతు కూడా మాట్లాడుకోరు. నా దృష్టిలో మన ప్రాంత ప్రయాణికులకు ఈ దశాబ్దంలో జరుగుతున్న అతి పెద్ద పని ఇదే. గూడ్సు బళ్లలో ఎక్కువ భాగం ఆ లైనుకు మళ్లితే మిగతా రెండింటి మీద ప్రయాణికుల బళ్లు క్రమంగా, చెప్పిన వేళకు నడవగలవు. 2021 బడ్జెట్‌లో ప్రకటించిన ఖరగ్‌పూర్–విజయవాడ ప్రత్యేక సరకు కారిడార్ ఆలోచన కూడా ఇదే దారిలోది.

ఇక్కడ స్విట్జర్లాండ్ అనుభవం దగ్గర కాసేపు ఆగాలి. అది కొండల దేశం. మహా వేగపు రైళ్ల కోసం ఫ్రాన్స్ లాగా వందల కిలోమీటర్ల కొత్త లైన్లు వేసుకునే నేల కాదు. 1982లో వాళ్లు దేశమంతటికీ క్రమబద్ధమైన టైంటేబుల్ పెట్టుకున్నారు: ముఖ్యమైన దారుల్లో గంట గంటకూ అదే నిమిషానికి రైలు. తర్వాత, ఫలానా స్టేషన్‌లో అన్ని బళ్లూ కలుసుకోవాలంటే ఈ రెండు నగరాల మధ్య ప్రయాణం గంట లోపు ఉండాలని ముందు రాసుకుని, ఆ గంటను సాధించడానికి ఎక్కడ కొత్త పట్టాలు కావాలో అక్కడే వేశారు. 1987లో ప్రజల ఓటుతో ఆ పథకం నెగ్గింది. 2004 డిసెంబరుకల్లా బెర్న్–జూరిక్ ప్రయాణం గంట లోపుకు వచ్చింది. మనం సాధారణంగా ముందు పట్టాలు వేసి, తర్వాత బండి కొని, చివర్న టైంటేబుల్ రాస్తాం. వాళ్లు టైంటేబుల్‌తో మొదలుపెట్టారు.

అదే పద్ధతి మన లైనుకు పెట్టి చూద్దాం. బరంపురం నుంచి భువనేశ్వర్ గంటన్నర, విశాఖపట్నం రెండున్నర గంటలు అని ముందు రాసుకుందాం. రెండింటికీ కావలసిన సగటు వేగం లెక్కవేస్తే చెరో 111 వస్తుంది. మొత్తం భువనేశ్వర్–విశాఖ నాలుగు గంటలు. ఇది సాధ్యమేనా? 443 కిలోమీటర్లను 160తో ఆగకుండా వెళితే 166 నిమిషాలు. ఖుర్దా రోడ్, బాలుగావ్, బరంపురం, ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం ఆగుదలలకు మూడున్నర నిమిషాల చొప్పున పాతిక నిమిషాలు. అనుకోని ఆలస్యాలకు మరో పాతిక. మొత్తం 216 నిమిషాలు, అంటే మూడు గంటల ముప్పయ్యారు నిమిషాలు. వంతెనల దగ్గర, వంపుల దగ్గర వేగం తగ్గించడానికి ఇంకా ఇరవై నాలుగు నిమిషాలు చేతిలో ఉంటాయి. ఈ సగటు మన దేశంలో ఇప్పటికే సాధించినదే: 2016 ఏప్రిల్‌లో మొదలైన గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీ హజ్రత్ నిజాముద్దీన్ నుంచి ఆగ్రాకు 188 కిలోమీటర్లను వంద నిమిషాల్లో చేరింది. సగటు 113. అది మధ్యలో ఎక్కడా ఆగకుండా వెళ్లింది, అందుకే మన లెక్కలో ఆగుదలలను విడిగా కలపాల్సి వచ్చింది.

దీనికి అయ్యే ఖర్చు చూస్తే ఈ దారి బలం ఇంకా తెలుస్తుంది. ఢిల్లీ–ముంబై, ఢిల్లీ–హౌరా లైన్లను 160 వేగానికి పెంచే పనిని కేంద్రం 2019లో ఆమోదించింది. సుమారు మూడు వేల కిలోమీటర్లకు పదమూడున్నర వేల కోట్లు, కిలోమీటరుకు నాలుగున్నర కోట్లు. ఆ 160 జాబితాలో హౌరా–చెన్నై లైను లేదు. మూడో లైను ఖర్చు కిలోమీటరుకు పదిహేను కోట్ల లోపు. ముంబై–అహ్మదాబాద్ మార్గానికి మొదట వేసిన అంచనా లక్షా ఎనిమిది వేల కోట్లు, కిలోమీటరుకు 213 కోట్లు. ఢిల్లీ–మీరట్ 82 కిలోమీటర్లకు 30,274 కోట్లు, కిలోమీటరుకు 369 కోట్లు. మహానగరం నడుమ సొరంగాలు, స్తంభాల మీది దారి ఉండటం వల్ల అంత ఎక్కువ. వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు నేలల మీద కట్టినవి కాబట్టి వీటిని రూపాయికి రూపాయి పోల్చకూడదు. అయినా అంతరం చూడండి. ముంబై–అహ్మదాబాద్ మొదటి లెక్కన భువనేశ్వర్–విశాఖ దూరానికి 94 వేల కోట్లు అవుతుంది. పాత లైను వేగం పెంచడానికి రెండు వేల కోట్లు. మూడో లైను ఎలాగూ వస్తోంది. ముంబై–అహ్మదాబాద్ ఖర్చులో 81 శాతానికి జపాన్ 0.1 శాతం వడ్డీతో యాభై ఏళ్ల అప్పు ఇచ్చింది. అలాంటి అప్పు ప్రతి మార్గానికీ దొరుకుతుందని లెక్క వేసుకోలేం.

డబ్బు దొరికినా నేల ఒప్పుకోవాలి. 320 వేగంతో వెళ్లే రైలుకు వంపులు చాలా విశాలంగా ఉండాలి. ముంబై–అహ్మదాబాద్ మార్గంలో వంపు వ్యాసార్ధం ఆరు కిలోమీటర్లకు తగ్గకూడదని పెట్టుకున్నారు. మన లైను బాలుగావ్ నుంచి రంభ దాకా ఒకవైపు చిలికా, మరోవైపు తూర్పు కనుమల కొండల నడుమ సన్నని నేల మీద వంపులు తిరుగుతూ వెళుతుంది. 1981 నుంచి అంతర్జాతీయ రాంసర్ జాబితాలో ఉన్న సరస్సు అది. అటు పక్కకు జరిగితే నీళ్లు, ఇటు జరిగితే ఖల్లికోట వైపు అడవి. ఆ అడవిలో ఏనుగులు ఉన్నాయి. 2012 డిసెంబరు చివర్లో రంభ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఏనుగుల గుంపును ఢీకొట్టిన సంగతి గంజాం జనం మరిచిపోలేదు. కొత్త లైను వేయాలంటే కొండల్లో సొరంగాలో, పొడవైన వంతెనలో తప్పవు. పాత లైను వేగం పెంచినా ఏనుగులు దాటే చోట కింద దారులు, పక్కన కంచె, రాత్రివేళ వేగ నియంత్రణ ప్రాజెక్టు ఖర్చులోనే ఉండాలి. తర్వాత చూద్దాం అని వదిలేస్తే ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

తుపానుల మాట మరీ ముఖ్యం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడు హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని ఛిన్నాభిన్నం చేసింది. పై విద్యుత్ తీగలు తెగితే 130 బండీ 300 బండీ ఒకేలా ఆగిపోతాయి. ముంబై–అహ్మదాబాద్ మార్గంలో గాలి వేగం కొలిచే పరికరాలు పెట్టి, గాలి హెచ్చితే రైలు వేగం దానంతటది తగ్గేలా చేస్తున్నారు. మన తీరానికి ఆ పరికరాలు అంతకన్నా ఎక్కువ అవసరం. వరద నీళ్లు కట్ట దాటి పోకుండా కిందనుంచి వెళ్లడానికి కల్వర్టులు, కట్ట కింది తూములు కూడా అంతే అవసరం.

భద్రత గురించి ఒక్క మాట. 160తో వెళ్లే లోకో పైలట్ పక్కనున్న సిగ్నల్‌ను కంటితో చూసి నమ్మకంగా బండి నడపలేడు. సిగ్నల్ ఇంజన్ లోపలి తెర మీదకే రావాలి, తప్పు జరిగితే బ్రేకు దానంతటది పడాలి. రైల్వే రక్షణ వ్యవస్థ కవచ్ చేసే పని అది. 2023 జూన్ 2న బహానగా బజార్ దగ్గర కోరమండల్ ప్రమాదం జరిగింది మన ఇదే లైను మీద. అదే ఏడు అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరును వెనక నుంచి రాయగడ ప్యాసింజరు ఢీకొట్టింది. కంటకాపల్లి దగ్గర పోయినవాళ్లలో మన పక్క జిల్లాలవాళ్లు ఉన్నారు. వేగం పెంచేముందు సిగ్నళ్లను పట్టాల మళ్లింపులతో ముడిపెట్టే ఇంటర్‌లాకింగ్, కవచ్ పూర్తి కావాలని పట్టుబట్టడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు.

స్టేషన్ ఎక్కడ పెడతారన్నది మామూలు పాఠకుడు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన విషయం. దీనికి మన పక్క జిల్లాలోనే నూట పాతికేళ్ల పాఠం ఉంది. శ్రీకాకుళం పట్టణానికి దాని సొంత స్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, పట్టణానికి పదమూడు కిలోమీటర్ల దూరంలో. తరతరాలుగా శ్రీకాకుళం జనం ఆ పదమూడు కిలోమీటర్ల ఖర్చు, సమయం ప్రతి ప్రయాణంలోనూ భరిస్తున్నారు. ఫ్రాన్స్‌లో 1994లో హోత్ పికార్దీ అనే టీజీవీ (హైస్పీడ్ రైలు) స్టేషన్‌ను అమియాఁ, సాఁ కాఁతాఁ పట్టణాల మధ్య షుగర్ బీట్ పొలాల్లో పెట్టారు. రెండు ఊళ్లకూ దూరమై అది ఎప్పుడూ సరిగా నిండలేదు. బరంపురం స్టేషన్ నగరం లోపలే ఉంది. గేట్ బజార్ నుంచి ఆటోలో కాసేపట్లో చేరవచ్చు. హైస్పీడ్ లైను వస్తే భూమి చౌకగా దొరికే చోట, ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల స్టేషన్ పెట్టే ప్రమాదం ఎక్కువ. సగటున 220తో విశాఖకు 76 నిమిషాల్లో తీసుకెళ్లే రైలు ఉందనుకుందాం. 160 రైలు 150 నిమిషాల్లో తీసుకెళుతుంది. తేడా 74 నిమిషాలు. అందులో స్టేషన్ చేరడానికి రెండు వైపులా అరగంట చొప్పున పోతే మిగిలేది పావుగంట.

టైంటేబుల్ ఎలా ఉందన్నది కూడా ఇలాంటిదే. ఇప్పటి వందేభారత్ ఉదయం భువనేశ్వర్‌లో బయల్దేరి దక్షిణానికి వస్తుంది, మధ్యాహ్నం విశాఖలో బయల్దేరి ఉత్తరానికి వెళుతుంది. బరంపురం మనిషి పొద్దున్న ఎక్కి విశాఖలో కొన్ని గంటలు పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరగలడు. అదే రైలు శ్రీకాకుళం మనిషికి బరంపురంలోనో భువనేశ్వర్‌లోనో పని ఉంటే పనికిరాదు. రాత్రి అక్కడే పడుకోవాలి. పొద్దున్న రెండు వైపుల నుంచీ, సాయంత్రం రెండు వైపుల నుంచీ బళ్లు బయల్దేరితే ఇద్దరి రోజూ నిలబడుతుంది. దీనికి కొత్త పట్టాలు అక్కర్లేదు, ఇంకో బండి చాలు.

అన్నిటికన్నా కష్టమైన పని నా దృష్టిలో ఇంజనీరింగ్ కాదు, ఎవరు నిర్ణయం తీసుకుంటారన్నది. ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రం మారుతుంది. పలాస దగ్గర రైల్వే డివిజన్ మారుతుంది. సౌత్ కోస్ట్ రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో మంత్రివర్గం పలాస నుంచి దువ్వాడ దాకా ఉన్న భాగాన్ని విశాఖపట్నం డివిజన్‌గా ఆ జోన్‌కు ఇచ్చింది. పలాసకు ఉత్తరాన ఖుర్దా రోడ్ డివిజన్, ఈస్ట్ కోస్ట్ రైల్వే. ఆ ఏర్పాటు ప్రకారం బరంపురం–విశాఖ బండి రెండు జోన్ల మధ్య చేతులు మారాలి. రెండు జోన్లకూ రెండు ప్రాధాన్యాలు. భువనేశ్వర్‌కు పూరీ, కటక్ ముందు. విశాఖకు విజయవాడ, హైదరాబాద్ ముందు. శంషాబాద్–విశాఖ మధ్య 220 వేగపు లైనుకు సర్వే జరిగింది, అది విశాఖ దగ్గరే ఆగిపోతుంది. సరిహద్దు ఊళ్లు ఇద్దరికీ చివరి ఊళ్లే.

దీనికి దారి ఢిల్లీ–మీరట్ చూపించింది. 2013లో ఏర్పడిన ఎన్‌సీఆర్‌టీసీ సంస్థలో కేంద్రానికి సగం వాటా. ఢిల్లీ, హర్యానా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లకు ఎనిమిదోవంతు చొప్పున. అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని స్టేషన్లు, భూమి, డబ్బు తేల్చుకున్నారు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్, రైల్వే శాఖ కలిసి భువనేశ్వర్–బరంపురం–విశాఖ ప్రాంతీయ రైళ్లకు అలాంటి ఉమ్మడి సంస్థ పెట్టుకోవాలి. మన చరిత్రలోనూ ఇలాంటి చొరవ ఉంది. పర్లాకిమిడి సంస్థానం తన సొంత డబ్బుతో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేయించి 1900లో నడిపించింది. తర్వాత అది గుణుపూర్ దాకా వెళ్లింది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. ప్రాంతీయ రైలు ఆ ప్రాంతంవాళ్లు అడిగితేనే, పట్టుబడితేనే వస్తుంది.

పెద్ద ప్రాజెక్టు కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే చేయగలిగింది ఒకటి ఉంది. 2024 సెప్టెంబరులో భుజ్–అహ్మదాబాద్ మధ్య నమో భారత్ రాపిడ్ రైలు మొదలైంది. పన్నెండు ఏసీ పెట్టెలు, రిజర్వేషన్ అక్కర్లేదు, 359 కిలోమీటర్లు, పాత పట్టాల మీదే. అలాంటి రెండు బళ్లు పొద్దున్న ఒకటి విశాఖ నుంచి బరంపురానికి, ఒకటి బరంపురం నుంచి విశాఖకు వేస్తే చాలు, ఈ ప్రాంతం రాకపోకలు ఎంత మారతాయో సర్వే చేయకుండానే తెలుస్తుంది. ఆ టిక్కెట్ల లెక్కే రేపటి కారిడార్‌కు బలమైన సాక్ష్యం అవుతుంది.

కాబట్టి గేట్ బజార్ పాఠకులకు ఒక మనవి. రైల్వే వినియోగదారుల సలహా సంఘం సభ్యులకో, మీ ఎంపీకో వినతిపత్రం రాసేటప్పుడు ‘బులెట్ రైలు కావాలి’ అని రాసి ఊరుకోకండి. మూడో లైను బరంపురం–పలాస ముక్క ఏ నెలకు పూర్తవుతుంది, కవచ్ ఎప్పుడు వస్తుంది, 160 వేగానికి మన లైనును ఎప్పుడు చేరుస్తారు, పొద్దున్న విశాఖ వైపు నుంచి బరంపురానికి వందేభారత్ లాంటి బండి ఎందుకు లేదు అని తేదీలతో అడగండి. ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లతో కలిసి సంతకాలు పెట్టండి, ఒడియా, తెలుగు రెండు భాషల్లోనూ రాయండి, ఆ కాగితం ఒక ప్రతి భువనేశ్వర్‌కూ, ఒక ప్రతి విశాఖకూ పంపండి.